సరమకు బీమా

మనుష్యుడు తన ప్రాణమునకు బీమా చేయించుట, ఇంటికిని ఓడకును చేయించుట, పాడిగేదెకు చేయించుట లోకమున నందఱు నెఱిగినదే. కుక్కకు బీమా యనునప్పటికి మా వీథి యరుగుమీది పెద్దలు నలుగురును నవ్విరి. "మాస్టారికి జీతం పెరిగినట్టుంది" అని యొకరును, "ఏజెంట్లకు మనుషులు అయిపోయారు కాబోలు" అని మఱియొకరును పరిహసించిరి. వారిని మేము తప్పు పట్టము. ఒక యేడు క్రిందట ఈ మాట యితరుల నోట వినియున్నచో మేమును నవ్వియే యుందుము. కాని నవ్వు వేఱు, లెక్క వేఱు. ముసలికుక్కకు బీమా చేయించుట లాభమా, నష్టమా యను ప్రశ్న ఈ 2025వ సంవత్సరమున మా యింటికి నిజముగా వచ్చినది. దానికి మాకు దొరికిన సమాధానమును, ఆ సమాధానమును వెదకుచు మేము పడబోయిన గోతిని కూడ, దాచక చదువరుల కెఱిగింప దలచితిమి.

మాది గోదావరి యొడ్డున నొక పట్టణము. 2016లో అంత్యపుష్కరములు జరుగుచున్న దినములలో, శ్రావణమాసపు జల్లులో, అప్పటికి అయిదేండ్ల పిల్లయైన మా యమ్మాయి వీథికాలువలో కొట్టుకొనిపోవుచున్న యొక కుక్కపిల్లను పయిటచెంగువంటి తువాలులో చుట్టుకొని తెచ్చినది. దానికి రెండు నెలల వయస్సుండును. జాతికుక్క కాదు, మన వీథులలో తిరుగు నాటుకుక్క. మా తల్లిగారు మడి కట్టుకొను వారు. కుక్కపిల్ల వసారా దాటి లోనికి రాగూడదని యామె శాసించిరి. నెల తిరుగకముందే ఆమెయే దానికి పెరుగన్నము కలిపి పెట్టుటయు, మా కంటబడకుండ దానితో ముచ్చటలాడుటయు చూచితిమి. సంస్కృతము చదివిన ఫలమేదైన నుండవలెను గనుక దానికి సరమ యని పేరు పెట్టితిమి. సరమ దేవలోకపు కుక్క. వేదమున నింద్రునకు దూతిక. మా సరమకు దేవలోకముతో సంబంధము లేకున్నను, మా యింటి గుమ్మమునకు తొమ్మిదేండ్లుగా తోడుండినది. మా తల్లిగారు మంచమెక్కిన కడపటి మూడు నెలలును ఆ మంచము క్రిందనే పడియుండినది. మడి యేమైనదో మా తల్లిగారు చెప్పలేదు, మేమడుగలేదు.

ఇప్పుడు సరమ మూతి నెఱసినది. కన్నులపై నీలిపొర కమ్మినది. పిలిచిన పిలుపు రెండవమాటు గాని చెవికెక్కదు. మొన్న వేసవిలో మా యమ్మాయి దానికి నీళ్లు పోయుచు, పొట్టక్రింద చనుమొనల వరుసలో ఉసిరికాయంత గడ్డ యున్నట్లు కనిపెట్టినది. పశువైద్యుని యొద్దకు తీసికొనిపోతిమి. ఆయన తడిమి చూచి, "మాస్టారూ, దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించలేదు కదా?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు మేము తల వంచుకొంటిమి. ఏడెనిమిదేండ్ల క్రిందట ఆ శస్త్రచికిత్స చేయింపుడని మాకు చెప్పినవా రున్నారు. "నోరు లేని ప్రాణిపై కత్తి యేల?" యని మేమే వలదంటిమి. మొదటి యెదకు పూర్వమే ఆ చికిత్స జరిగినచో కుక్కలకు ఈ చనుగడ్డలు చాల యరుదుగా వచ్చునట. మూడు నాలుగెదలు గడచిన పిమ్మట చేయించినను ఆ రక్షణ యంతగా నుండదట. గర్భసంచిలో చీము పట్టి ప్రాణము మీదికి వచ్చు మఱియొక వ్యాధియు దానివలన తప్పునట. మేము దయ యనుకొన్నది దయ కాదు, సోమరితనము. బడిలో పిల్లలకు ఆరోగ్యపాఠములు చెప్పు మేము ఆ మాట వినకపోవుట మా తప్పు.

ఇట్టి గడ్డలలో సుమారు సగము పుట్టకురుపులుగా తేలునని వైద్యుడు చెప్పెను. తీసి పరీక్షకు పంపిన గాని నిర్ణయింప వీలులేదు. అంతకుముందు రక్తపరీక్ష, ఊపిరితిత్తులకు ఎక్సురే కావలెను. మూత్రపిండములు కొంచెము నీరసించినట్లున్నవి గనుక మత్తుమందు జాగ్రత్తగా నీయవలెను. అన్నియు కలిసి పదునెనిమిది వేల రూపాయలగునని యంచనా. మా బోటి బడిపంతులకు పదునెనిమిది వేలు లేక పోవు. కాని లెక్కచూడక తీసి యీయదగినంత తేలికగా నుండవు. అప్పుడు కదా బీమా జ్ఞాపకమునకు వచ్చినది! ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుట యనగా నిదియే.

బీమా పనిచేయు యువకుడొకడు మా పూర్వశిష్యుడు. కబురంపగా నాడే వచ్చి, మా కాళ్లకు దండము పెట్టి, సంచిలోని కాగితములు తీసెను. అతని సంస్థ నియమముల ప్రకారము కొత్తగా చేర్పించు కుక్కకు ఏడేండ్లు మించియుండరాదు. సరమకు తొమ్మిది. మేము కాగితములు తిరిగి యీయబోగా అతడు గొంతు తగ్గించి, "మాస్టారూ, కుక్కకు జాతకం ఎవరు రాసి ఉంచుతారండీ? ఆరేళ్ళని వేద్దాం. టీకాల కార్డు కొత్తది రాయించుకోవచ్చు. గడ్డ మాట ఎత్తవద్దు. మొదటి నెల జబ్బులకు డబ్బు ఇవ్వరు గనుక నెల దాటనిచ్చి, అప్పుడే కనబడిందని చూపిద్దాం" అనెను.

మేమప్పుడు "ఛీ, పొమ్ము" అంటిమని వ్రాసికొనుటకు మాకును మనసగును. కాని యట్లనలేదు. సంస్థ వారు ధనవంతులు, మేము పంతులము, కుక్క నోరులేనిది, ఎవరికి నష్టమని మనస్సు వరుసగా వాదములు తెచ్చిపెట్టినది. ఇరువదేండ్లుగా సత్యమును గూర్చి పిల్లలచేత వ్యాసములు వ్రాయించిన చేయి, కలము తీసికొని వయస్సను గడిలో ఆఱు అంకె వేసినది. "ప్రస్తుత మేదైన వ్యాధి కలదా?" యను ప్రశ్నకెదురుగా "లేదు" అను గడిలో గుర్తు పెట్టినది. సంతకము మాత్రము మిగిలినది.

మా యమ్మాయి వెనుక నిలిచి చూచుచున్నదని మే మెఱుగము. "నాన్నగారూ, సరమ అంత్యపుష్కరాలప్పుడు కదా వచ్చింది? మళ్ళీ పుష్కరాలు 2027లో కదా. ఆరేళ్ళు ఎట్లా అవుతుంది?" అని యడిగినది. ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క తప్పినదనుకొని దిద్దినది, అంతే. బడిలో మేము తప్పు వ్రాసినప్పుడు పిల్లలు లేచి చెప్పునట్లే చెప్పినది. కుక్కకు జాతకము లేకపోవచ్చును. కాని గోదావరి తానే దాని జన్మపత్రిక వ్రాసియుంచినది. ఊరందఱకు తెలిసిన పుష్కరములను మూడేండ్లు ముందునకు జరుపుట మా తరము గాదు.

మా శిష్యుడును సిగ్గుపడి, "ఎనిమిదో తరగతిలో నేను చీటీ చూసి రాస్తే మీరే కదండీ పట్టుకున్నారు" అని నవ్వెను. ఆ నవ్వులో మమ్ము తప్పించుకొనిపొమ్మను దయయు కలదు. ఫారము చింపితిమి. అతనికి కాఫీ యిచ్చి పంపితిమి.

పిమ్మట చల్లగా ఆలోచింపగా ఆ యబద్ధము పాపమే కాక తెలివితక్కువ కూడ నని బోధపడినది. బీమా యనునది ఇరువురి నమ్మకముపై నిలిచిన యొడంబడిక. చేర్చుకొనువాడు తాను చూడని వస్తువును మన మాటపై చేర్చుకొనుచున్నాడు. కావున తెలిసిన ముఖ్యవిషయమును దాచిపెట్టినచో, దాచినట్లు బయటపడిన దినమున పరిహారము నిరాకరించుటకు వారికి హక్కు కలదు. అది బయటపడు దినము మనము డబ్బడుగు దినమే; అంతవరకు ఎవరును తరచి చూడరు. కమిషను ఏజెంటుకు ముందే ముట్టును. ప్రీమియము సంస్థకు ముందే ముట్టును. మనకు మాత్రము తిరస్కారపత్రము. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. ఆ నెల దినములు గడ్డను పెరుగనీయవలసి యుండెను. మా యబద్ధమునకు సుంకము సరమ తన దేహముతో చెల్లించి యుండెడిది.

ఇక్కడ మాకు భారతకథ యొకటి జ్ఞాపకమునకు వచ్చినది. జనమేజయుని యాగశాలకు సరమ కొడుకైన కుక్కపిల్ల పోయినది. హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన లేదు. అయినను రాజు తమ్ములు ముగ్గురును దానిని కొట్టి తఱిమిరి. అది యేడ్చుచు తల్లితో చెప్పుకొనగా, సరమ సభకు వచ్చి, ఏ నేరమును చేయని బిడ్డను కొట్టితిరి గనుక కనబడని భయము మీకు వచ్చునని శపించినది. రాజు బెదరి, ఆ కీడును శమింపజేయగల పురోహితునికై ఊరూర వెదకి, సోమశ్రవసుని తెచ్చుకొనెను. ఆ సోమశ్రవసుని పంపునప్పుడు తండ్రి యొక మాట స్పష్టముగ చెప్పినట్లు సంస్కృతభారతమున నున్నది: ఈతడు నీకు వచ్చు సమస్తమైన కీడులను శమింపజేయగలడు గాని, మహాదేవునివలన వచ్చిన దొక్కటి మాత్రము ఈతని చేత గాదని.

ఈ కథను మే మెన్నిమార్లో పాఠము చెప్పితిమి. కాని యిందులో బీమాశాస్త్రమంతయు నిమిడియున్నదని సరమ గడ్డ చూచిన తరువాతనే గ్రహించితిమి. కనబడని భయమునకు కాపుదల వెదకుట మొదటి సంగతి. ఆ కాపుదలకు మినహాయింపొకటి యుండుట రెండవ సంగతి. ఆ మినహాయింపును ముందుగానే విప్పి చెప్పిన ఋషి నేటి ఏజెంట్లకు గురువు కాదగినవాడు. ఇక మూడవది, రాజు శాపము తగిలిన తరువాత వెదకెను. కనబడని భయమునకు బీమా కలదు. కనబడిన భయమునకు లేదు. సరమ పొట్టక్రింది గడ్డ కనబడిన భయము.

కుక్కలకు బీమా నిన్న మొన్న పుట్టినది కాదు. స్వీడను దేశమున 1924లోనే ఒక కుక్కకు పత్రము వ్రాసిరి. నేడా దేశమున కుక్కలలో నధికభాగము బీమాలో నున్నవి. అమెరికాలో తొలిపత్రము 1982లో చలనచిత్రములందు ప్రసిద్ధికెక్కిన లాసీ వేషము వేయు కుక్కకు వ్రాయబడినది. మన దేశమున ఆవుగేదెల బీమా చిరపరిచితము. చెవికి బిళ్ల వేయుదురు, బిళ్ల చూపనిదే పరిహారమీయరు. కుక్కల వైద్యవ్యయమునకు ప్రైవేటు సంస్థలు కొన్ని పత్రము లిచ్చుట 2020 మొదలుకొని కనబడుచున్నది.

టెక్సాసులో నున్న మా మేనకోడలికి పదునొకండేండ్ల లాబ్రడారు కలదు. టెలిఫోనులో దాని సంగతి యడిగితిమి. ఆమె కుక్కపిల్లను తెచ్చిన మాసముననే బీమా చేయించినది. నాలుగవ యేట మోకాలి నరము తెగి, అయిదువేల డాలర్లకు పైబడిన శస్త్రచికిత్స కావలసి వచ్చెను. అందులో నూటికెనుబది వంతులు సంస్థ యిచ్చెను. ఇప్పుడు ప్రీమియము మొదటిదానికి మూడింతలైనదట. "ముసలికుక్కను ఇక్కడ చాలా కంపెనీలు చేర్చుకుంటాయి మావయ్యా, కాని అంతకుముందే ఉన్న జబ్బుకు ఇక్కడా ఇవ్వరు" అని చెప్పినది. ఆమెకు మొత్తముపై లాభమా యని యడిగితిమి. "కట్టిందీ వచ్చిందీ కూడి చూడలేదు. ఆ రాత్రి డబ్బు సంగతి తలచుకోకుండా డాక్టరుతో 'చేయండి' అనగలిగాను. నేను కొనుక్కున్నది అదే" అనినది. ఈ మాటను మేము మఱవలేదు. బీమావలన దొరకునది ధనము కాదు, సంకటసమయమున తడబడని మాట. ఆ మాట మఱియొక త్రోవను దొరకునేని బీమాతో పని లేదు. దొరకనిచో ప్రీమియము నష్టమైనను కట్టవలసినదే.

తరువాత, పదేండ్లవఱకు కుక్కలను చేర్చుకొను వేఱొక సంస్థ నియమావళిని తెప్పించి, ఈమాఱు ఉన్నదున్నట్లు చెప్పి చదివితిమి. ఏటికి ఆఱు వేల రూపాయల ప్రీమియము. నలువది వేల వఱకు వైద్యవ్యయము. ప్రతి బిల్లులో అయిదవవంతు మాది. ఇదివఱకున్న వ్యాధులును, వానివలన కలుగు వ్యాధులును చేరవు. పండ్ల చికిత్స, టీకాలు, పాముమందులు చేరవు. మా గృహిణి యింటి ఖర్చుల పుస్తకము తెచ్చి నిరుడు సరమకైన వ్యయమును చదువగా మేము ప్రక్క కాగితముపై వేసితిమి. టీకాలకును ఏలికపాముల మందులకును 1,700. పండ్లు శుభ్రము చేయించుటకు 3,500. మూత్రపిండముల పరీక్షలకును పథ్యపుటాహారమునకును 4,800. గాజుపెంకు గ్రుచ్చుకొన్న కాలికి కుట్లు వేయించుటకు 1,600. వెరసి 11,600. ఇందులో ఆ పత్రము క్రిందికి వచ్చునది కాలి కుట్లు మాత్రమే. అందును అయిదవవంతు పోగా 1,280. ఆఱు వేలు కట్టి వెయ్యిన్ని రెండువందల ఎనుబది పొందుట!

అయితే ఒక యేటి ఖర్చును బట్టి బీమాను తూచుట న్యాయము కాదు. ఇల్లు కాలలేదని అగ్నిబీమా వ్యర్థమనువాడు వెఱ్ఱివాడు. పెద్ద యాపదనే తీసికొందము. ముప్పదియైదు వేల రూపాయల చికిత్స వచ్చినదనుకొందము. అయిదవవంతు పోగా 28,000 చేతికి వచ్చును. ఏటికి ఆఱు వేల చొప్పున ఆ మొత్తము కట్టుటకు అయిదేండ్లకు తక్కువ పట్టును. అనగా అట్టి యాపద అయిదేండ్లలో ఒకమాఱైనను రాకున్నచో నష్టము. సరమకు ఇంకను అయిదేండ్ల యాయువుండుననుటయే యాశ. ఇక ముసలితనమున వచ్చు పెద్ద యాపదలెట్టివి? గడ్డలు, మూత్రపిండములు, కీళ్లు, గుండె. వీనిలో మొదటి రెండింటికిని సరమ విషయమున తలుపు మూసియే యున్నది. మిగిలినవి మోటారుబండి, పాముకాటు మొదలగునవి. పగలంతయు వసారాలో నిద్రించు కుక్కకు వీని భయ మెంత? కొన్ని పత్రములలో కుక్క యితరులను కఱచినచో నీయవలసిన నష్టపరిహారము కూడ చేరియుండును. కఱచు కుక్కలవారి కది విలువైనదే. మా సరమ పాలవానిని చూచి మొఱుగుట కూడ మానినది.

కావున బీమా వలదని నిశ్చయించితిమి. ఆ నిశ్చయమును విని మా గృహిణి, "సరే, సరమకు బీమా అక్కరలేదు. మన ఇంట్లో పధ్నాలుగేళ్ళనుంచి అంట్లు తోముతున్న ఆవిడకు ఏమైనా ఉందా? ఎప్పుడైనా అడిగారా?" అనెను.

మేము నిరుత్తరుల మైతిమి. మూడు వారములుగా కుక్క యాయువును, ప్రీమియమును, మినహాయింపులను రాత్రింబవళ్లు లెక్కించిన యింటిలో, ఎనిమిదేండ్ల బిడ్డతో భర్తృవిహీనయై పనికి కుదిరి, ఆ బిడ్డను పెంచి పెండ్లి చేసిన స్త్రీ రోజూ రెండుమార్లు వచ్చి పోవుచుండెను. సంఘసంస్కరణమును గూర్చి సభలలో మాటలాడు మేము ఆమె వయస్సెంతయో యెఱుగము. సరమ వయస్సు మాత్రము పుష్కరములతో సహా నెఱుగుదుము.

మఱునాడామెను కూర్చుండబెట్టి యడిగితిమి. బ్యాంకిలో ఖాతా కలదు. ఆధారుకార్డును బట్టి నలువదితొమ్మిదేండ్లు. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రెండు బీమా పథకములు కలవు. ప్రమాదబీమాకు ఏటికి ఇరువది రూపాయలు. పదునెనిమిది మొదలు డెబ్బదియేండ్ల వఱకు చేరవచ్చును. ప్రమాదమున మరణించినచో రెండు లక్షలు. జీవనజ్యోతి యను రెండవదానికి ఏటికి 436 రూపాయలు. ఏ కారణమున మరణించినను రెండు లక్షలు. మొదటి ముప్పది దినములలో మాత్రము ప్రమాదమరణమునకే యిత్తురు. ఇందు కొత్తగా చేరుటకు ఏబదియేండ్ల హద్దు కలదు. అంతకుముందు చేరి, ఏటేట కట్టుచున్నచో ఏబదియైదువఱకు సాగును. సరమకు మూసికొనిపోయిన తలుపువంటిదే యిదియు; కాని యీమెకు మూసికొనుటకు ఇంకను కొన్ని మాసములున్నవి. మా గృహిణి యడుగకున్నచో అది మూసికొనిన సంగతియు మాకు తెలిసియుండదు.

"నేను పోయాక వచ్చే డబ్బు నాకెందుకు బాబుగారూ?" అని మొదట ఆమె నవ్వినది. కూతురి పేర వచ్చునని చెప్పగా కొంతసేపాలోచించి, "ఇరవై రూపాయలది నేనే కట్టుకుంటాను. పెద్దది మీరు కట్టండి. కాని కట్టేవాళ్ళు ఏటేటా మరవకూడదు. మరిచిపోతే ముందు కట్టింది కూడా వృథాయే గదా?" అనినది. బీమానుగూర్చి మేము చదివిన నియమావళులన్నిటిలోను లేని వివేకము ఆ మాటలో కలదు. మే నెలాఖరున ఆమె ఖాతానుండి ఆ సొమ్ము కోతబడును గనుక, ప్రతి సంవత్సరము మే మాసారంభముననే 436 రూపాయలు ఆమె ఖాతాలో వేయవలెనని మా గృహిణి ఖర్చుల పుస్తకపు మొదటిపుటలో వ్రాసిపెట్టినది. మా మఱపు మా గృహిణికి తెలియును. ఇది దానము కాదు. పదునాలుగేండ్లుగా మేము బాకీపడి మఱచిన జీతములో నొక చిన్న భాగము.

సరమకు శస్త్రచికిత్స జరిగినది. అంచనాకు మించి 19,400 రూపాయలైనవి. ఆరంభములోనే తీయించుట మంచిదైనదని వైద్యుడనెను. పరీక్ష ఫలితము మంచిదియు కాదు, మిక్కిలి చెడ్డదియు కాదు. గడ్డ పూర్తిగా వచ్చినది గాని, మూడేసి మాసముల కొకమాఱు చూపించుచుండవలెను. సరమ పేర పోస్టాఫీసులో ప్రత్యేకముగ నొక పొదుపుఖాతా తెఱచితిమి. పేరు మాదే, సొమ్ము దానిది. రెండేండ్ల ప్రీమియమునకు సమానముగ పండ్రెండు వేలు మొదట వేసి, నెలకైదువందల చొప్పున కలుపుచున్నాము. ఇందు మినహాయింపులు లేవు. వయస్సు హద్దు లేదు. పండ్లకైనను గడ్డకైనను వాడుకొనవచ్చును. ఖర్చు కాక మిగిలినచో తరువాతి కుక్కపిల్లకు, అది వచ్చిన నెలలోనే, టీకాలకును శస్త్రచికిత్సకును బీమాకును పనికివచ్చును. ఈ ఖాతాకొక లోపమున్న మాట నిజము. రేపే యేబది వేల యాపద వచ్చినచో ఇది చాలదు. అప్పుడేమి చేయవలెనో కూడ ముగ్గురమును కూర్చుండి ముందుగానే మాటలాడుకొంటిమి. నొప్పి తగ్గించు చికిత్స యెంతవఱకైనను చేయింతుము. ప్రాణమును నాలుగు దినములు సాగదీయుటకై దానిని హింసింపము. ఈ మాట యనునప్పుడు మా యమ్మాయి యేడ్చినది, అయినను సరేయన్నది. బీమాపత్రమున్నను ఆ మాట ఏదో యొకనాడు అనుకొనవలసినదే.

చదువరులలో కుక్కలను పెంచువారుందురు. కుక్కపిల్లను తెచ్చినవారు మొదటి యేటనే, అది యారోగ్యముగ నున్నప్పుడే, బీమా సంగతి విచారింపుడు. మినహాయింపుల పుటను ముందుగా చదువుడు. ఏడెనిమిదేండ్లు దాటిన కుక్క కలవారు దాని వ్యాధులను, నిరుటి ఖర్చులను కాగితముపై వేసి, పత్రము క్రిందికి వచ్చున దెంతయో చూచుకొనుడు. తక్కువైనచో ఆ ప్రీమియమును నెలనెలయు మీరే కూడబెట్టుడు. ఒక్కమాఱు పెద్దమొత్తము తీయలేనివారికి మాత్రము, లెక్కకు నష్టమైనను, దొరకినంత బీమా మేలే. ఏ దారి పట్టినను ఫారములో నిజమే వ్రాయుడు. లెక్కలన్నియు ముగిసిన పిమ్మట, మీ యింటిలో పనిచేయువారి వయస్సెంతయో ఒకమాఱు అడుగుడు.

కుక్కతోక పట్టుకొని గోదావరి యీదవచ్చునా యని మనవారి సామెత. మేమును ఈదబోతిమి, మా యమ్మాయి యొడ్డుననే ఆపినది. ఇది వ్రాయుచుండగా సరమ మా కుర్చీక్రింద పండుకొన్నది. కుట్లు మానినవి, ఆ చోట కొత్త వెండ్రుకలు తెల్లగా మొలచుచున్నవి.